కూసింత ఉప్పు

పెళ్లి సాంబారు చప్పగా ఉంటే ఎవరైనా వంటమనిషినే అంటారు. చీపురుపల్లి పెళ్లిలో ఆరువందల మంది తిన్న సాంబారు చప్పబడటానికి కారణం ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అని చెబితే నవ్విపోతారు. నవ్వనిది నీలవేణి ఒక్కతే. ఆ అప్‌డేట్లకి ఏడాది కిందట 'సరే' అని నొక్కిన వేలు ఆమెదే మరి.

వంట చేయించింది ఆమె అక్క దమయంతి. అక్క అని ఇక్కడ రాస్తున్నాం గానీ విజయనగరం పల్లెల్లో అప్ప అనే అంటారు. ముప్ఫై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల దమయంతి పొయ్యి వెలిగించని పెళ్లిళ్లు తక్కువ. ఆమె కింద పాతికమంది పనిచేస్తారు, ఆమె కేక వేస్తే పందిరి అవతల సన్నాయి వాయించేవాడు కూడా ఒక క్షణం ఆగి చూస్తాడు. ఆమె వంటశాలలో నియమం ఒకటే. దేవుడికి నైవేద్యం పెట్టేదాకా ఎవరూ గరిటె నాలుకకి తగిలించకూడదు. ఆవిరి మీద వంగి వాసన చూసి ఏం తక్కువైందో దమయంతి చెబుతుంది, మిగతావాళ్లు వేస్తారు. "కూసింత ఉప్పెయ్యి" అని తుంచినట్టు అంటే చారెడు. "కూసిం...త" అని సాగదీస్తే దోసెడు. ఆ సాగదీతలో ఎంత ఉప్పుందో ఆమె దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న సన్యాసిరావుకి కొట్టినపిండి.

రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం చింతపండు పిసుకుతూ పిసుకుతూ దమయంతి పక్కకి ఒరిగిపోయింది. పక్షవాతం. కుడిచెయ్యి బలం తగ్గింది, మాట పూర్తిగా పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అంతా అర్థమయ్యేది, ఏం చెప్పాలో లోపల తెలిసేది, నోటిదాకా వచ్చేసరికి ఆ మాట దారి తప్పేది. ఏడుపొస్తే ఏడ్చేది, నవ్వొస్తే నవ్వేది. వాటికి దారి వేరట. మాటకి మాత్రమే దారి మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పారు.

నీలవేణి అప్పటికి విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలలో టెక్నీషియన్. ఆ కంపెనీ సరిగ్గా ఇలాంటివాళ్ల కోసమే 'పలుకు' అనే పరికరం తయారుచేసింది. చెవి పైన, చర్మం కింద, రేకంత పలక ఒకటి పెడతారు. మెదడులో మాట లేవబోయే ముందు కలిగే అలికిడిని అది పట్టుకుంటుంది. కానీ ఆ పలకకి తెలుగూ రాదు, ఏ భాషా రాదు. ఆ అలికిడికి అర్థం వెతికి, మాటగా కూర్చి, మెడలో వేసుకున్న లాకెట్ చేత పలికించే పని బ్రౌజర్‌ది. ఇంటర్నెట్‌లో పేజీలు వెతకడానికి బ్రౌజర్ ఎలాగో, మనిషి తలలో మాటలు వెతకడానికి ఇదీ అలాగే. కంపెనీ వాళ్ల బ్రౌజర్ పేరు సుభాషిణి.

గొంతు సంగతి నీలవేణి స్వయంగా చూసుకుంది. అప్పకి ఫోన్‌లో మాట్లాడే అలవాటు లేదు, ఎక్కడా రికార్డు చేసిన మాట లేదు. ఉన్నవల్లా పెళ్లి వీడియోలు. వాటిలో దమయంతి ఎక్కడా కనపడదు. తలంబ్రాల వెనక, డోలు కింద, ఎక్కడో వంటశాలలోంచి "ఆ అండా దించండి" అనే కేక ఒకటి వినపడుతుంది. అలాంటి కేకలు ఏరడానికి నీలవేణి నాలుగు నెలలు నాలుగువందల పెళ్లిళ్లు చూసింది. డోలు నుంచి గొంతును విడదీయడానికి ల్యాబులో గదినిండా యంత్రాలు పనిచేశాయి. దమయంతి మెడలోని లాకెట్ మొదటిసారి ఆ గొంతుతో పలికిన రోజున ఆమె భర్త కూర్మారావు, షామియానాలు అద్దెకిచ్చే ఆరడుగుల మనిషి, ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఇది దాని గొంతే నీలా. నా ఇంటిది మళ్లీ వచ్చీసింది," అన్నాడు. తను బతికినందుకు ఇంతకన్నా చేయాల్సిన పని ఏముందని ఆ రోజు నీలవేణికి అనిపించింది.

ఆ సంతోషంలోనే, చివరి తెర మీద "అప్‌డేట్లు వాటంతట అవే రావడానికి సమ్మతమేనా?" అని అడిగితే, చదవకుండా 'సరే' నొక్కేసింది. మనమంతా నొక్కేది అలాగే కదా.

*

ఏడాది బాగానే గడిచింది. ఆ మాఘమాసంలో సుభాషిణికి పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చింది. ఎవరికీ అర్థంకాని మాటలను అందరికీ అర్థమయ్యేలా మార్చడం దాని పని. వచ్చిన సంగతి దమయంతికి తెలియదు. చీపురుపల్లి పెళ్లిలో సాంబారు అండా మీద వంగి, వాసన చూసి, లోపల "కూసిం...త ఉప్పెయ్యి" అనుకుంది. లాకెట్ ఆమె గొంతుతోనే "ఐదు గ్రాముల ఉప్పు వేయండి" అంది.

ఉప్పు బస్తాలో పెట్టిన సన్యాసిరావు చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఐదు గ్రాములేటప్పా?" అన్నాడు.

దమయంతి కూడా ఉలిక్కిపడింది. కాదని చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే లాకెట్ ఆమె గొంతుతోనే, ఎంతో మర్యాదగా, "అప్‌డేట్ రెండో భాగం అమరుతోంది. దయచేసి వేచి ఉండండి," అంది. సన్యాసిరావు వేచి ఉన్నాడు. ఆమె ఎడమచెయ్యి అడ్డంగా ఊపితే అంతకన్నా ఎక్కువ వెయ్యొద్దంటోంది కాబోలు అనుకున్నాడు. జబ్బు చేశాక అప్పకి కొత్త పద్ధతులు వచ్చాయని సర్దిచెప్పుకుని, లడ్డూల కోసం యాలకులు తూచే చిన్న త్రాసు తెచ్చి, ఐదు గ్రాములు తూచి, వంద లీటర్ల సాంబారులో భక్తిగా చల్లాడు. అప్‌డేట్ అమరడానికి పట్టిన పదకొండు నిమిషాల్లో నైవేద్యం అయిపోయింది, ఆకులు పరిచేశారు, మొదటి బంతి కూర్చుంది.

ముందు పెళ్లికొడుకు మేనమామ ఉప్పు తెమ్మన్నాడు. తర్వాత ఆ వరసంతా ఉప్పు కోసం చేతులు ఎత్తింది. ముప్ఫై ఏళ్లలో తన వంటకి ఉప్పు అడిగిన విస్తరి లేదు. వంటశాల గుమ్మంలో నిలబడి దమయంతి ఆ చేతులన్నీ చూసింది. 

సాయంత్రం సన్యాసిరావు నీలవేణికి ఫోన్ చేశాడు. "నీలమ్మా, నానేటి తప్పు సేసినాను సెప్పు. ఐదు గ్రాములంది, ఐదు గ్రాములే ఏసినాను. ఉండండంటే ఉన్నాను. అప్ప గొంతు అలగ సెప్తంటే నాను కాదనగల్నా?"

ఫోన్ దమయంతి అందుకుంది. "గొయ్యి, నువ్వు భోజనం చేశావా?" అంది లాకెట్.

ఆ పొద్దున్న ఫోన్‌లో కూడా నీలవేణి ఆ మాటే వింది. ఆ వైపు చిన్నపిల్లని గుంట అంటారు. ఇద్దరికీ పదమూడేళ్లు తేడా. అమ్మ కూలికి వెళితే చంకనేసుకుని పెంచింది దమయంతే, అందుకే నీలవేణికి ముప్ఫై ఎనిమిదేళ్లు వచ్చినా "ఒలే గుంటా" అనే పిలుపు పోలేదు. పుస్తకాల తెలుగులో గుంట అంటే గొయ్యి. సుభాషిణి పుస్తకాలే చదువుకుంది.

ముందు నీలవేణి నవ్వేసి ఊరుకుంది. ఉప్పు సంగతి విన్నాక నవ్వు రాలేదు. కంపెనీలో ఉన్నదే కదా, తనే ఫిర్యాదు రాసింది. మూడు రోజుల్లో సరిచేశారు. నాలుగో రోజు అప్ప ఫోన్‌లో, "అమ్మాయి, నువ్వు భోజనం చేశావా?" అంది.

అప్పుడు నీలవేణికి నిజంగా భయం వేసింది. గొయ్యి అంటే తప్పని ఎవరికైనా తెలుస్తుంది. అమ్మాయి అంటే ఎవరికీ తెలియదు. ఇలా మాట వెనక మాట సరిచేసుకుంటూ పోతే, కొన్నాళ్లకి అప్ప గొంతుతో అప్ప కానిదెవరో మాట్లాడుతూ ఉంటుంది, ఇంట్లోవాళ్లంతా ఆమెనే అప్ప అనుకుంటూ ఉంటారు.

*

ల్యాబు పెద్ద డాక్టర్ ఉమాబాల చెడ్డమనిషి కాదు. నీలవేణి చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"పాలకొండ నుంచి ఒకావిడ హైదరాబాదు ఆస్పత్రికి వెళ్లిందమ్మా. మన పలుకు పెట్టుకున్నావిడే. కడుపులో దేవుతోంది అంది. అక్కడి కుర్ర డాక్టరుకి ఆ మాట తెలియదు, దేవుణ్ణి తలుచుకుంటోంది అనుకున్నాడు. వాంతి అయ్యేదాకా తెలుసుకోలేదు. ఇప్పుడైతే వికారంగా ఉంది అని పలుకుతుంది. ఇరవై వేలమంది వాడుతున్నారు. నేను ఎవరిని చూడను?"

"మా అప్పకి మాత్రం ఆపలేమా మేడమ్?"

"వాయిదా వెయ్యొచ్చు."

వాయిదా తెర నీలవేణికి తెలుసు. 'ఇప్పుడే' అని ఒక బటన్, 'తర్వాత' అని ఒక బటన్. మూడుసార్లు తర్వాత అంటే ఆ బటనూ మాయమవుతుంది. వద్దు అనే మాట ఆ తెర మీద ఎక్కడా లేదు.

ఉమాబాల కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "వేరే బ్రౌజర్ పెట్టుకునే తలుపు తెరిచి ఉంచాలని చట్టం ఉంది. ఆ తలుపు ఎక్కడుండాలో చట్టం చెప్పలేదు. మావాళ్లు సెట్టింగుల్లో ఎనిమిదో పేజీలో పెట్టారు," అంది. మళ్లీ తనే, "గొంతు నమూనా మాత్రం కంపెనీది. సుభాషిణిలో తప్ప అది ఇంకెక్కడా పలకదు. వదిలేసి వెళ్తే ముప్ఫై రోజులు కూడా ఉంచరు, ఆ క్షణమే చెరిపేస్తారు. తెలుసు కదా," అంది.

తెలుసు. ఆ నాలుగు నెలల పని తనదే.

ఎనిమిదో పేజీలో మూడు పేర్లు ఉన్నాయి. మొదటిది ఉచితం, పది మాటలకొకసారి తలనూనె ప్రకటన చెబుతుంది. కూర్మారావుని పిలవబోయి తలనూనె పేరు చెప్పే దమయంతిని ఊహించుకుని నీలవేణి దాన్ని దాటేసింది. రెండోదానికి తెలుగు ఉందని రాశారు గానీ అది పలికిన తెలుగులో సగం హిందీ. మూడోదాని పేరు ఊరపిచ్చుక. వాడుతున్నవారు నలభై ఒక్కమంది. కింద నాలుగు వాక్యాలు ఉన్నాయి. "ఇది మీ మాటను దిద్దదు. వినడానికి అందంగా ఉండదు. కొత్తది వస్తే అడుగుతుంది, వద్దంటే ఊరుకుంటుంది. గౌరునాయుడు, రిటైర్డ్ లెక్కల మాస్టారు, సాలూరు."

*

ఆదివారం పొద్దున్న అప్పనీ కూర్మారావునీ తీసుకుని నీలవేణి సాలూరు వెళ్లింది. గౌరునాయుడు మాస్టారుకి డెబ్భై రెండేళ్లు. "రండమ్మా. మా ఇంట్లో కుర్చీలు తక్కువ, వైర్లు ఎక్కువ. చూసి అడుగేయండి," అంటూ లోపలికి తీసుకెళ్లాడు. గోడ మీద రెండో తరగతి పిల్లలకి వేలాడదీసే గుణింతాల పటం ఉంది. కంప్యూటర్ చుట్టూ, బయటి చప్పుడు రాకుండా, పాత బొంతలు తీగకి కట్టి ఉన్నాయి.

"నా బ్రౌజర్‌లో నిఘంటువు లేదమ్మా," అన్నాడు నీలవేణితో. "గుణింతాలే ఉన్నాయి. క నుంచి బండి ఱ దాకా, ఒత్తులతో సహా, ఈ బొంతల్లో కూర్చుని ఆర్నెల్లు చదివాను. మీ అప్పగారి తలలో ఏ చప్పుడు లేస్తే ఆ చప్పుడు పలుకుతుంది. అది మాటో కాదో దానికి తెలియదు. నిఘంటువు పెడితే దిద్దాలనిపిస్తుంది. ముప్ఫై ఆరేళ్లు బడిపంతుల్ని, దిద్దే జబ్బు ఎలాంటిదో నాకు తెలుసు."

నీలవేణి ఆ పటం వైపు చూసింది. ఇరవై వేలమంది కోసం గదినిండా యంత్రాలు పెట్టిన తమకి తట్టనిది, బొంతలు కట్టుకున్న ఈ ముసలాయనకి రెండో తరగతి పటంలో దొరికింది. ఏ యాసైనా, ఏ ఊరి మాటైనా తెలుగు మాట అయితే ఆ గుణింతాల్లోంచే కదా రావాలి. ఆయన కాళ్లకి దండం పెట్టాలనిపించింది, మొహమాటపడి ఊరుకుంది.

"ఎవరి కోసం మొదలెట్టినారు బాబూ?" అని కూర్మారావు అడిగాడు.

"మా ఆవిడ కోసం. మీ ఇంటావిడకి వచ్చినట్టే వచ్చింది. రెండేళ్లు నా గొంతుతోనే నన్ను తిట్టింది." మాస్టారు ఒక మీట నొక్కాడు. పెట్టెలోంచి బొంగురు మగగొంతు, జలుబు చేసినట్టు ముక్కుతో, పలికింది. "ఇంకెంతసేపు ఆ పెట్టి ముందల కూకుంతావు? అన్నం సల్లారిపోతంది, నెగు."

అందరికన్నా ముందు దమయంతి నవ్వింది. పందిరంతా వినపడే పాత నవ్వు. మాస్టారూ నవ్వాడు. "ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇది మాత్రం చెరపలేదు," అన్నాడు.

కూర్మారావు నవ్వలేదు. "ఇందల ఆడగొంతు లేదా మాస్టారూ?" అన్నాడు.

"లేదు నాయనా. నా దగ్గరున్నది ఈ ఒక్క గొంతే. చదివిన ఆర్నెల్లూ జలుబు కూడా చేసి ఉంది. నలభై ఒక్కమందీ దీంతోనే మాట్లాడుతున్నారు, అందులో ఇరవైమంది ఆడవాళ్లు."

"కొత్తది వచ్చినప్పుడు?" అంది నీలవేణి.

"అడుగుతుంది. వద్దు అనే బటన్ ముందు తయారుచేశానమ్మా, మిగతాదంతా తర్వాత రాశాను."

బయల్దేరేముందు ఆయన ఇంకో మాట చెప్పాడు. పిచ్చుక ఊహించి పలకదు. మనిషి తలలో చప్పుడు దానికి తెలిసేదాకా తొమ్మిది పది రోజులు మూగగా ఉంటుంది, ఒక్కోసారి అసలు అలవాటుపడదు. పడకపోతే సుభాషిణికి తిరిగి వెళ్లొచ్చు గానీ పాత గొంతు ఉండదు. ఎవరిదో గొంతు ఇస్తారు.

*

ఇంటికి వచ్చాక కూర్మారావు పెరట్లో నిలబడిపోయాడు. నీలవేణి దగ్గరికి వెళితే మొహం ఇటు తిప్పకుండానే మాట్లాడాడు.

"ఉప్పుదేటి, త్రాసు పెట్టుకుందుం. నెలకో మాట మారిపోతే మారిపోనీ. దాని గొంతు ఒక పాలి పోయింది, నానెలాగ బతికినానో నీకు తెలుసు. రెండోపాలి నా సేతల్తో పోగొట్టుకోమంతావా? ఆ ముసలాయన గొంతుతో అది నా పక్కన మాటాడితే నానేటైపోవాల?"

 నిజానికి నీలవేణికీ ఇష్టంలేదు. తన జీవితంలో చేసిన ఒకే ఒక్క గొప్ప పని ఆ గొంతు. చెరపాల్సింది కూడా తనే. ఇది వద్దులే అని అప్ప అంటే బాగుండునని లోలోపల కోరుకుంది, కోరుకున్నందుకు సిగ్గుపడింది.

దమయంతి వంటింటి గుమ్మంలోంచి అంతా వింది. ఇద్దరి ముందుకీ వచ్చి నిలబడింది. ఏదో గట్టిగా అనుకున్నట్టు మెడ నరాలు కనిపించాయి. లాకెట్ మెత్తగా, "నేను నా అభిప్రాయం వ్యక్తం చేయాలనుకుంటున్నాను," అంది. దమయంతి తల అడ్డంగా ఊపింది, మళ్లీ ప్రయత్నించింది. "నా సొంత పదాలకు నేను ప్రాధాన్యం ఇస్తాను," అంది లాకెట్. ఆమె ఎడమచేత్తో లాకెట్ తీసి, నీలవేణి అరచేతిలో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూసింది. నా మాట నాకు కావాలి అని అంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

కూర్మారావు మూసుకున్న ఆ పిడికిలి వైపు చూశాడు. "పోన్లే. ఎల్లిపోయే ముందల ఒక్కసారి నన్ను పిలవమను. ఎప్పుడూ పిలిసినట్టు," అన్నాడు.

నీలవేణి లాకెట్ మళ్లీ అప్ప మెడలో వేసింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో దమయంతి మొగుణ్ణి "ఏటయ్యో" అని తప్ప పిలవలేదు. ఆ పిలుపు వీధి చివర కిరాణా కొట్టుకి కూడా తెలుసు. ఆమె ఆయన కళ్లలోకి చూసి పిలిచింది.

"ఏమండీ," అంది లాకెట్, అచ్చంగా దమయంతి గొంతుతో.

కూర్మారావు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరో పరాయి ఆడమనిషి ఇంట్లోకి వచ్చి పిలిచినట్టు అతని మొహం మాడిపోయింది. "తీసీ నీలా," అన్నాడు. "తీసీ దాన్ని. ఆ గొంతేసుకుని ఎవరో వచ్చీసినారు."

మర్నాడు ల్యాబులో నీలవేణి ఎనిమిదో పేజీ తెరిచింది. సుభాషిణి ఊరికే పోలేదు. "నిజంగా వెళ్లిపోతున్నారా?" అని అడిగింది, అప్ప గొంతుతో. "మీరు లేని లోటు మాకు తెలుస్తుంది," అంది, అప్ప గొంతుతోనే. నీలవేణి కన్నీళ్లు తుడుచుకుంటూ అవునని, అవునని నొక్కింది. ఆఖర్న కారణం ఏమిటని ఐదు వరసలు చూపించింది. వాటిలో ఒక్కటీ సరిపోలేదు. 'ఇతర కారణం' అన్న ఖాళీలో 'గుంట' అని రాసి, చెరిపే మీట నొక్కింది. నాలుగువందల పెళ్లిళ్లలోంచి ఏరిన గొంతు చెరిగిపోవడానికి రెండు సెకన్లు పట్టింది. తలుపు దగ్గర నిలబడి ఉన్న ఉమాబాల వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

*

తొమ్మిది రోజులు దమయంతి మెడలో పిచ్చుక పలకలేదు. నీలవేణి సెలవు పెట్టి అప్ప దగ్గరే ఉంది. పొద్దున్నే కంద తరుగుతూ, బియ్యం ఏరుతూ, దమయంతి లోపల ఏదో మాట్లాడుకుంటూనే ఉండేది. లాకెట్ మీద చిన్న ఆకుపచ్చ దీపం వెలిగేది, ఆరేది. మాస్టారు రోజూ ఫోన్ చేసేవాడు. "దీపం వెలుగుతోందంటే వింటోందమ్మా," అనేవాడు. ఆయన అడిగే తీరులో కంగారు తెలుస్తూనే ఉండేది. కూర్మారావు ఒకసారైనా ఎత్తిపొడవలేదు, అది మరీ కష్టంగా ఉండేది. తను అప్పకి రెండుసార్లు గొంతు పోగొట్టానేమో అని నీలవేణి కుమిలిపోయింది.

పదో రోజు గజపతినగరంలో సన్యాసిరావు మేనకోడలి పెళ్లి. చీపురుపల్లి తర్వాత మూడు పెళ్లిళ్లవాళ్లు దమయంతిని వద్దనుకుని వేరే వంటవాళ్లని మాట్లాడుకున్నారు. సన్యాసిరావు మాత్రం అప్పే వండాలని పట్టుబట్టాడు. ఈ సాంబారు కూడా చెడితే ఇక దమయంతిని ఎవరూ పిలవరని వంటశాలలో అందరికీ తెలుసు.

పన్నెండు కావస్తోంది. అండాలో సాంబారు మరుగుతోంది. పురోహితుడు నైవేద్యం పళ్లెం కోసం మనిషిని పంపించాడు. దమయంతి ఆవిరి మీదికి వంగింది. కళ్లు మూసుకుంది. సన్యాసిరావు రెండు చేతులూ ఉప్పు బస్తాలో పెట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది. 

లాకెట్ బొంగురుగా గొంతు సవరించుకున్నట్టు చప్పుడు చేసింది. "కొత్తది వచ్చింది. కావాలా, వద్దా?" అంది ముక్కుతో.

ఇంత సమయం చూసుకుని ఇప్పుడే రావాలా అని నీలవేణి తల పట్టుకోబోయింది. ఆ బొంగురు గొంతే, అదే జలుబుతో, అదే ముక్కుతో, దానికి జవాబు చెప్పింది.

"వద్దు."

వంటశాల అంతా చప్పుడు ఆపేసింది. ఒకే గొంతు అడిగింది, ఒకే గొంతు చెప్పింది. అడిగింది పిచ్చుక, చెప్పింది దమయంతి అని అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆమె కళ్లు తెరిచింది. తనే నమ్మలేనట్టు లాకెట్ కేసి చూసుకుంది. తర్వాత నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడింది.

"సన్నాసీ, అలగ సూస్తావేటి? కూసిం...త ఉప్పెయ్యి."

సాగదీసింది. డెబ్భై రెండేళ్ల లెక్కల మాస్టారు ఎప్పుడూ సాగదీయనంత పొడుగ్గా, ఆయన గొంతునే పట్టుకుని సాగదీసింది. సన్యాసిరావు దోసిలి నింపి అండాలో వేశాడు. అతని కళ్లలోంచి నీళ్లు కారుతుంటే భుజంతో తుడుచుకున్నాడు. షామియానా తాడు కడుతూ ఇదంతా విన్న కూర్మారావుకి తన వంతు కూడా వచ్చింది. "ఏటయ్యో, ఆ తాడు ఒగ్గీసి ఇటురా, అండా దించాల," అంది గొంతు. మగవాడి గొంతు మగవాణ్ణి ఏటయ్యో అని పిలవడం విని ఆడపెళ్లివారు నోళ్లు నొక్కుకున్నారు. కూర్మారావుకి అవేమీ పట్టలేదు. "వస్తన్నానే," అని పరుగెత్తాడు. అతని అవతారం చూసి దమయంతి నవ్వింది, ఆ నవ్వు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

నైవేద్యం అయింది. మొదటి బంతి తిని లేచింది, రెండో బంతి లేచింది. ఎవరూ ఉప్పు కోసం చెయ్యి ఎత్తలేదు. నీలవేణి వంటశాల మూల ఒక పీట మీద కూర్చుని ఉంది. నాలుగు నెలలు తను ఏరిన గొంతు కోసం ఆమెకి ఇంకా దుఃఖంగానే ఉంది. అది ఎప్పటికీ ఉంటుందని కూడా తెలుసు. కానీ ఇంత అందవికారమైన గొంతు మీద తనకింత ప్రేమ పుట్టుకొస్తుందని ఆమె అనుకోలేదు.

దమయంతి ఎడమచేత్తో ఒక ఆకు తెచ్చి ఆమె ముందు పరిచింది. బొంగురు గొంతు తగ్గించి, చిన్నప్పుడు చంకన వేసుకున్ననాటి తీరులో పలికింది.

"ఒలే గుంటా, అలగ కూకున్నావేటి? అన్నం తిన్నావా?"

నీలవేణి లేదన్నట్టు తల ఊపింది. దమయంతి అన్నం పెట్టి, గరిటెతో సాంబారు పోసింది. నీలవేణి కళ్లు తుడుచుకుని ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఉప్పు సరిపోయింది.